కరువు సీమలో వెలిగిన రంగస్థలం

అనంతపురం అనగానే అందరికీ గుర్తొచ్చేవి మూడే: కరువు, వేరుశనగ, వలస. పోటీ పరీక్షల పుస్తకాల్లో మనం చదివేది కూడా అంతే. దేశంలో అతి తక్కువ వర్షం పడే జిల్లాల్లో మనదొకటి అని బట్టీపట్టి పేజీ తిప్పేస్తాం. కానీ తెలుగు నాటకానికి పాట నేర్పినవారు, నటనకు సహజత్వం నేర్పినవారు ఈ ఎర్రనేల మీదే పుట్టారన్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు? ఈ వ్యాసంలో ఆ చరిత్రను మనమంతా కలిసి ఒకసారి నెమరు వేసుకుందాం.

బళ్ళారి మనదెలా అయింది?

ముందుగా ఒక విషయం తెలుసుకోవాలి. 1882 వరకు అనంతపురం జిల్లా లేదు. ధర్మవరం, తాడిపత్రి, పెనుకొండ అన్నీ బళ్ళారి జిల్లాలోనే ఉండేవి. కోర్టు పనికైనా, పెద్ద చదువుకైనా, ఉద్యోగానికైనా మనవాళ్లు బళ్ళారికే పోయేవారు. అందువల్ల నాటక చరిత్రలో 'బళ్ళారి' అని కనిపించిన చోట మన ఊళ్లు కూడా ఉన్నాయని గుర్తుంచుకోవాలి.

1876-78 మధ్య వచ్చిన మహాకరువు (దాన్నే పెద్దలు 'ధాత కరువు' అంటారు) ఈ ప్రాంతాన్ని ఊడ్చేసింది. లక్షల ప్రాణాలు పోయాయి. ఆ గాయం మానకముందే, పదేళ్లు తిరిగేసరికి బళ్ళారిలో నాటక సమాజం వెలసింది. కడుపు నిండిన తర్వాతే కళ అనేవారికి ఇదొక జవాబు.

ఆంధ్ర నాటక పితామహుడు

ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) మన ధర్మవరంలో పుట్టి, బళ్ళారిలో వకీలుగా స్థిరపడ్డారు. అక్కడ 'సరసవినోదినీ సభ'ను స్థాపించారు. 'చిత్రనళీయం' మొదలుకొని దాదాపు ముప్పై నాటకాలు రాశారు. తెలుగు నాటకంలో పాటలను ప్రవేశపెట్టింది ఆయనే. నాటకమంటే శుభంగానే ముగియాలన్న రోజుల్లో 'విషాద సారంగధర' రాసి, తెలుగులో విషాదాంత నాటకానికి దారి వేశారు. అందుకే ఆయనను ఆంధ్ర నాటక పితామహుడన్నారు.

1891లో ఈ సభవారు మద్రాసు వెళ్లి నాటకాలు ఆడారు. చదువుకున్న పెద్దమనుషులు వేషం కట్టి ఆడడం చూసి, పమ్మల్ సంబంధ మొదలియార్ అనే తమిళ యువకుడు ముగ్ధుడై 'సుగుణ విలాస సభ' ప్రారంభానికి పూనుకున్నారు. ఆధునిక తమిళ నాటకానికి అదే పునాది. వానలేని సీమ నుంచి వెళ్లిన నాటకం మహానగరానికి స్ఫూర్తినిచ్చిందన్నమాట!

అదే ఊరిలో మరో వకీలు కోలాచలం శ్రీనివాసరావు (1854-1919) 'సుమనోరమ సభ'ను నడిపారు. ఆయన చరిత్రను రంగస్థలం మీదికి తెచ్చారు. విజయనగర పతనంపై ఆయన రాసిన 'రామరాజు చరిత్ర'ను ఆంగ్ల ప్రభుత్వం నిషేధించింది. నాటకానికి ఎంత శక్తి ఉందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

తాడిపత్రి రాఘవ

బళ్ళారి రాఘవ (1880-1946) అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. పుట్టింది తాడిపత్రిలో. ధర్మవరంవారు ఆయనకు మేనమామ. న్యాయవాదిగా సంపాదిస్తూనే నటనను తపస్సుగా చేసుకున్నారు. గొంతెత్తి పద్యాన్ని సాగదీసి పాడి 'వన్స్‌మోర్' కొట్టించుకునే కాలంలో, పాత్ర మనసును ముఖంలో, మాటలో చూపించాలన్నారు. 1927లో గాంధీజీ ఆయన 'దీనబంధు కబీరు'ను చూశారు. ఆ తర్వాత రాఘవ ఇంగ్లండు వెళ్లి బెర్నార్డ్ షాను కలిసి వచ్చారు.

అన్నిటికన్నా గొప్ప సంగతి మరొకటుంది. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని ఆయన పట్టుబట్టారు. రంగస్థలమెక్కిన ఆడవాళ్లను లోకం చులకనగా చూసే రోజుల్లో కొమ్మూరి పద్మావతీదేవి వంటి విద్యావంతులను గౌరవంగా వేదిక మీద నిలబెట్టారు.

సభ బయట మన పెద్దలు

అయితే ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆ సభలను నడిపినవారు ఎక్కువగా వకీళ్లు, చదువుకున్న కుటుంబాలవారు. మరి కూలికి పోయే మన తాతముత్తాతలకు నాటకం లేదా? ఉంది. వారి రంగస్థలం ఊరి నడివీధి. వీధినాటకం, తోలుబొమ్మలాట వారి బడి. అక్షరం రాని మన అవ్వలు రామాయణ, భారత కథలు తెల్లవార్లూ చెప్పగలగడం ఆ బడి చలవే. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు నేటికీ ఉన్నారు. మేక తోలుపై బొమ్మలు గీసి, రంగులద్ది ఆడించే ఆ కళకు గుర్తింపుగా దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆట చూసేవారు తగ్గడంతో అక్కడివారు తోలుతో దీపపు బుడ్డీలు కూడా చేసి అమ్ముకుంటున్నారు.

చరిత్ర పుస్తకం సభల పేర్లు రాసుకుంది, వీధుల పేర్లు రాసుకోలేదు. ఆ లోటు తీర్చవలసింది మనమే. ఎందుకంటే మాలో చాలామంది తమ ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివారు. మన అవ్వాతాతల నోట ఉన్నదాన్ని రాయడం వచ్చిన మొదటి తరం మనది.

మనం చేయవలసింది

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. 2022లో ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లగా, తాడిపత్రి అనంతపురం జిల్లాలోనే ఉంది. గీతలు మారినా వారసత్వం మారదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! వార్షికోత్సవానికి సినిమా పాటకు స్టెప్పులు వేయడం తప్పు కాదు. దానితోపాటు ఒక్క నాటిక వేయండి. నాటకం వేసేవాడికి పదిమంది ముందు నోరు విప్పే ధైర్యం వస్తుంది. ఇంటర్వ్యూ గదిలో మనల్ని వెనక్కి లాగేది మార్కులకన్నా ఆ ధైర్యం లేకపోవడమే. సెలవులకు ఊరు వెళ్లినప్పుడు వేషం కట్టిన తాతను పట్టుకుని ఆయనకు గుర్తున్నవి నోటుబుక్కులో రాసుకోండి. రెండు దుప్పట్లు తెరగా కడితే మన హాస్టల్ వరండాయే రంగస్థలం. ఈ సీమలో నాటకం ఏనాడూ వాన కోసం ఆగలేదు. మనమూ ఆగనవసరం లేదు.