యాంప్లిఫైయరులో నిలిచియుండు విద్యుత్తు

ప్లగ్గు తీసివేసినంత మాత్రమున యాంప్లిఫైయరు నిర్జీవము కాదు. స్వయముగా సెట్టు కట్టుకొను మన విద్యార్థులలో పలువురు ఈ సంగతిని చేయి జలదరించిన పిదపనే తెలిసికొనుచున్నారు. మేము తెలుగు పాఠము చెప్పువారమే గాని ఈ వ్యసనము మాకును కలదు. ఆ జలదరింపు మేమెరిగినదే.

రెక్టిఫైయరు తరువాతనుండు పెద్ద కెపాసిటరు, తొట్టి నీటిని నిలిపినట్లు విద్యుదావేశమును నిలుపును. వాల్వు సెట్టులో 300 వోల్టుల వద్ద 100 మైక్రోఫారడ్ల కెపాసిటరులో నిలుచు శక్తి 4.5 జౌళ్లు. ట్రాన్సిస్టరు సెట్టులో 50 వోల్టుల వద్ద 10,000 మైక్రోఫారడ్లలో 12.5 జౌళ్లు. శక్తి రెండవదానిలో హెచ్చు, ప్రాణాపాయము మొదటిదానిలో హెచ్చు. చర్మపు నిరోధమును దాటి దేహములోనికి ప్రవాహమును నెట్టునది వోల్టేజియే కదా.

స్క్రూడ్రైవరుతో రెండు కొసలను కలుపుట పలువురి అలవాటు. పెళ్లున నిప్పురవ్వలు లేచును, మొన కరగును, కెపాసిటరు చెడవచ్చును. మాకది పౌరుషముగా తోచదు. వాల్వు సెట్టునకు 10 కిలోఓములు, 10 వాట్ల రెసిస్టరు తీసికొని, దాని కొసలకు మంచి ఇన్సులేషను గల తీగెలను, క్లిప్పులను అమర్చి, ఒక చేయి వెనుకకు పెట్టుకొని తగిలించవలెను. 100 మైక్రోఫారడ్లకు కాలస్థిరాంకము 1 సెకను. 5 సెకన్లలో 300 వోల్టులు 2 వోల్టులకు దిగును. ట్రాన్సిస్టరు సెట్టునకు 100 ఓములు చాలును. ధన, ఋణ సరఫరాలు రెండున్నచో రెండు కెపాసిటర్లనూ ఖాళీ చేయవలెను.

పిమ్మట మల్టీమీటరుతో కొలువవలెను. సెట్టులో బ్లీడరు రెసిస్టరు ఉన్నను కొలువవలెను. అది తెగిపోయినచో పైకి తెలియదు. మరియొక చిత్రము: ఖాళీ చేసిన కెపాసిటరులో కొన్ని నిమిషములకు కొంత వోల్టేజి తనంతట తానే తిరిగి వచ్చును. కావున పని ముగియు వరకు ఆ క్లిప్పులను తీయరాదు.