ధమ్మ పాఠం: పెళ్లి గుర్రం ముసలిదైతే



ధమ్మ మిత్రులారా, మైత్రి గురించి మాట్లాడినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి అడుగుతారు: "మనల్ని మనుషులుగానే చూడని దేశమిది. ముందు మనిషి సంగతి చూడండి, జంతువుల సంగతి తర్వాత." ఈ మాటను తోసెయ్యకూడదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగింది దేనికి? ఆ చెరువులో పశువులు తాగొచ్చు, మనం తాగకూడదు. చీమలకు పంచదార చల్లి, మనిషికి మంచినీళ్లివ్వని దయను చూసినవాళ్లం మనం. జంతుదయ అనగానే మనకు అనుమానం రావడంలో తప్పేమీ లేదు.

అయినా 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్ కరుణ దగ్గర ఆగలేదు. కరుణ మనుషుల పట్ల, మైత్రి ప్రాణులన్నిటి పట్ల అని విడదీసి చెప్పారు. 1956లో నాగపూర్‌లో మనవాళ్లు తీసుకున్న 22 ప్రతిజ్ఞల్లోనూ ప్రాణులను దయతో చూసి కాపాడతామన్న మాట ఉంది. మాట ఉంది సరే, ఆచరణ ఎలా? ఒక ముసలి గుర్రాన్ని ముందు పెట్టుకుని చూద్దాం.

గుర్రమే ఎందుకంటే, దానికీ మనకూ ఒక లెక్క ఉంది. ఉత్తరాదిన దళిత పెళ్లికొడుకు గుర్రమెక్కితే రాళ్లు పడతాయి. పోలీసు కాపలాతో జరిగిన ఊరేగింపులు ఎన్నో. 2018 మార్చిలో గుజరాత్‌లోని భావనగర్ జిల్లాలో సొంత గుర్రం ఉన్న ఒక దళిత యువకుణ్ణి చంపేశారు. గుర్రమెక్కడం ఓర్వలేకే చంపారని కుటుంబం చెప్పింది. అందుకే గుర్రమెక్కడం మనకు వేడుక మాత్రమే కాదు, ఆత్మగౌరవం. ఎక్కొద్దని నేననను. కానీ ఆ గుర్రం వైపు నుంచి కూడా ఒక్కసారి చూడండి. డీజే మోత, టపాకాయలు, సిమెంటు రోడ్డు మీద గంటల తరబడి నిలబడటం, నోట్లో ముళ్ల కళ్లెం. ముళ్ల కళ్లెం చట్టవిరుద్ధం, అయినా వాడతారు. పెళ్లిళ్ల సీజన్ పోతే మేత ఖర్చు మిగులుతుంది. గుర్రం ముసలిదైతే ఆ ఖర్చు కూడా దండగనిపిస్తుంది, రోడ్డు మీద వదిలేస్తారు. వదిలేసినవాణ్ణి తిట్టడం సులువే. చాలాసార్లు వాడూ మనలాంటి రోజుకూలే.

అలాంటి గుర్రం మన కాలనీకి వచ్చిందనుకోండి. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, డెక్కలు పెరిగి వంకర తిరిగాయి. జాలిపడి మొదట ఉలవల బస్తా విప్పుతాం. ప్రమాదం అక్కడే ఉంది. చాలాకాలం పస్తున్న ఒళ్లు తన కొవ్వునూ కండనూ కరిగించుకుని బతుకుతుంటుంది. ఒక్కసారిగా గింజలు పడితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె దెబ్బతిని కొద్ది రోజుల్లోనే గుర్రం పడిపోతుంది. పస్తుతో చావనిది మన ప్రేమతో చస్తుందన్నమాట.

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (డేవిస్) పశువైద్యులు దీన్ని పరీక్షించి ఒక పద్ధతి చెప్పారు. మొదటి మూడు రోజులు ఆకు బాగా ఉన్న లూసర్న్ గడ్డి, 4 గంటలకోసారి సుమారు అర కిలో, అంతే. అర్ధరాత్రి కూడా లేవాలి, కాబట్టి నలుగురు వంతులేసుకోవాలి. తర్వాత మెల్లగా పెంచుతూ పోతే, పది రోజులకు గానీ తిన్నంత గడ్డి పెట్టకూడదు. దాణా మాట ఇంకా చాలా తర్వాత. నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉండాలి. తిరిగి ఒళ్లు చేయడానికి నెలలు పడుతుంది, తొందరపడి లాభం లేదు.

ఇంతకంటే ముందు చేయాల్సినది పశువైద్యుణ్ణి పిలవడం. గ్లాండర్స్ అనే రోగం గుర్రాల నుంచి మనుషులకూ అంటుతుంది. రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా గుర్రాన్ని విడిగా కట్టాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. ధనుర్వాతం టీకా తప్పనిసరి. గడ్డి నమిలి నమిలి ముద్దలుగా ఉమ్మేస్తుంటే అది కొవ్వెక్కి చేసే పని కాదు, పళ్లు పదునెక్కి బుగ్గల్ని కోస్తున్నాయి. వైద్యుడు అరగదీయాలి. ఆ తర్వాత కూడా ముసలి పళ్లకు నానబెట్టిన మేతే మేలు. పెరిగిన డెక్కలు ఒకేసారి కోయించొద్దు, విడతలుగా చేయించండి.

ఒళ్లు కోలుకున్నా మనసు కోలుకోదు. చెయ్యెత్తితే చాలు తల విదిలిస్తుంది. అంగుత్తర నికాయంలో కేసి అనే గుర్రాల శిక్షకుడి కథ ఉంది. నువ్వెలా నేర్పుతావని బుద్ధుడు అడిగితే, మెత్తగా నేర్పుతాను, కటువుగా నేర్పుతాను, రెండూ కలిపి నేర్పుతాను, దేనికీ లొంగకపోతే చంపేస్తానన్నాడు. బుద్ధుడు తన పద్ధతీ అలాంటిదే అనేసరికి కేసి ఆశ్చర్యపోయాడు. ప్రాణం తీయడం తథాగతుడికి తగదు కదా! దేనికీ లొంగనివాడికి ఇక ఏమీ చెప్పకుండా వదిలేయడమే ఆయన అన్న 'చంపడం'. మన ముసలి గుర్రం విషయంలో కటువు పద్ధతి ఇప్పటికే అయిపోయింది, మిగిలింది మెత్తనిదే. వెనక నుంచి కాకుండా భుజం వైపు నుంచి వెళ్లండి. రోజూ ఒకే మనిషి, ఒకే వేళకు, ఒకే గొంతుతో మాట్లాడుతూ వెళ్లాలి. ఏమీ చేయకుండా కాసేపు పక్కన నిలబడి రావడం కూడా పనే.

ఇక కొత్త ఇల్లు. ఉపాసకుడు చేయకూడని అయిదు వ్యాపారాల్లో ప్రాణుల అమ్మకం ఒకటి. కాబట్టి అమ్మొద్దు. ఊరికే ఇస్తామని చాటినా చిక్కే. ఉచితంగా వచ్చిన గుర్రం వారం తిరక్కుండా బండికి కట్టబడుతుంది. అడగాల్సినవి అడగండి: నీడ ఉందా, తోడుగా ఇంకో గుర్రమో కనీసం మేకలో ఉన్నాయా, నెలకు మేతకూ మందుకూ ఎవరు పెడతారు? గుర్రం మందలో బతికే ప్రాణి, ఒంటరిగా కడితే కుంగిపోతుంది. పని చేయించబోమని, ఎవరికీ ఇవ్వబోమని, పెంచలేకపోతే మనకే తిరిగి అప్పగిస్తామని కాగితం మీద సంతకం తీసుకోండి.

నెల తర్వాత చెప్పకుండా వెళ్లండి. ముందు యజమానితో మాటల్లో పడకండి, తొట్టి చూడండి, నీళ్లున్నాయో లేదో. డెక్కలు చూడండి. వీపు మీద జీను రాపిడి మచ్చ కొత్తది కనిపిస్తే గుర్రాన్ని అదే రోజు వెనక్కి తోలుకురండి.