వెనుక గదికి అందని వైఫై

పంచాయతీ సభ్యుల చెవిని ఈ మధ్య ఒక కొత్త ఫిర్యాదు పడుచున్నది. సావడిలో వైఫై చక్కగా పనిచేయును. వెనుక గదిలో పనిచేయదు. ఇందుకు కొందరు కంపెనీవారిని నిందింతురు; కొందరు నెలనెలా మరికొంత హెచ్చుగా చెల్లించి పెద్ద పథకమునకు మారుదురు. ఈ రెంటిలో దేనికైనను పూనుకొనుటకు ముందు చేయవలసిన పని ఒకటి కలదు.

ఇటీవల మేమొక గ్రామమున సభ్యులొకరి యింట బస చేసితిమి. అది పాత మండువా లోగిలి. గోడలు రెండడుగుల మందము గల మట్టి గోడలు. ఫైబరు తీగ వీధి స్తంభము నుండి వచ్చి సావడిలో దిగినది. తీగ తెచ్చిన మనిషి వైఫై పెట్టెను ఇనుప బీరువా వెనుక, నేలకు మూరెడెత్తున బిగించి తన దారిని పోయినాడు. సభ్యుని కుమార్తెకు మరునాటి ఉదయము ఆ వైఫై మీదనే ఉద్యోగపు ఇంటర్వ్యూ యున్నది. వెనుక గదిలో కూర్చుండి ఆమె పరీక్షించి చూడగా బొమ్మ నిలిచిపోవుచుండెను, మాట తెగిపోవుచుండెను. సావడిలో కూర్చుండుటకు వీలు లేదు. సభ్యుని యిల్లు కదా, తెల్లవారినది మొదలు వచ్చిపోవు జనమే! తండ్రి పెద్ద పథకమునకు డబ్బు కట్టుటకు ఫోను చేతబట్టెను. “ఆగండి, ముందొకసారి కొలిచి చూతము” అంటిమి.

ఇంటర్నెట్టు మనకు రెండు అంచెలుగా అందును. స్తంభము నుండి పెట్టె వరకు తీగ. పెట్టె నుండి ఫోను వరకు రేడియో తరంగము. తీగ సంగతి కంపెనీవారు చూడవలెను. తరంగము మాత్రము మన గోడల మీద, మన సామానుల మీద ఆధారపడి యుండును. పెద్ద పథకమునకు మారినచో తీగలో వేగము పెరుగునే గాని తరంగమునకు బలము పెరుగదు. కాలువకు ఎంత నీరు వదలినను బోదె పూడియున్నచో చివరి మడి తడవదు కదా.

పెట్టె ముందర నిలిచి ఫోనుతో కొలువగా సెకనుకు 38 మెగాబిట్లు వచ్చినది. వారి పథకము 40. వెనుక గదిలో 2 మాత్రమే. తీగలో లోపము లేదని దీనితో తేలినది. పెట్టె ముందరనే 5 వచ్చియున్నచో, ఉదయమొకసారి, రాత్రి ఎనిమిది గంటలకొకసారి కొలిచి, ఆ అంకెలతో కంపెనీవారిని అడుగవలసి యుండెడిది. పెట్టెపై ‘ఎల్‌ఓఎస్’ అను దీపము ఎర్రగా మినుకుచున్నచో కొలువనే అక్కరలేదు. ఫైబరు గుండా రావలసిన వెలుగు రావడము లేదని అర్థము. కొలుచునప్పుడు ఫోనులో మొబైలు డేటాను ఆపివేయవలెను. లేనిచో ఏది కొలిచినదియు తెలియదు.

అడ్డము లేని చోటనైనను దూరము రెట్టింపైనచో తరంగ బలము నాలుగవ వంతునకు దిగును. ఇనుము తరంగమును వెనుకకు మరల్చును. నీరు పీల్చుకొనును, కావున చెమ్మగిలిన మట్టి గోడ, నీటి తొట్టి రెండును అడ్డములే. ఇనుప కమ్ములు గల శ్లాబు పై అంతస్తునకు పోవు తరంగమును తగ్గించును. ఎండిన తాటాకు అంతగా అడ్డుకొనదు. పూరింట చక్కగా పనిచేసిన పెట్టె కొత్త మేడలో మొరాయించుటకు కారణమిదియే.

పెట్టెలు సాధారణముగా రెండు తరంగములను పంపును. 2.4 గిగాహెర్ట్జులది నెమ్మదిదైనను గోడలను దాటి దూరము పోగలదు. 5 గిగాహెర్ట్జులది దగ్గర వేగముగా పనిచేయును గాని గోడల వద్ద త్వరగా నీరసించును. ఫోనులో కనిపించు పేరు చివర ‘5జీ’ అని యున్నచో అది ఈ రెండవదే. సెల్‌ఫోను కంపెనీల 5జీతో దీనికి సంబంధము లేదు; ఈ పొరపాటు చదువుకొన్నవారిలోను చూచితిమి.

ఆ యింట గోడకు చుట్టచుట్టి వదలిన ఫైబరు కొంత మిగిలియుండెను. పెట్టెను మండువా వైపు గోడకు, ఆరడుగుల ఎత్తున మార్పించితిమి. ఫైబరులో నున్నది గాజుపోగు. లాగినను, మడిచినను విరుగును. కావున ఆ పని తెలిసినవాని చేతనే చేయించితిమి. మండువా నడుమ అడ్డము లేదు గనుక తరంగము వెనుక గది కిటికీని సూటిగా చేరినది. మరల కొలువగా 17 వచ్చినది. మరునాడు ఆమె తలుపు వేసికొని ఇంటర్వ్యూ ముగించుకొన్నది. తండ్రి ఆ పూట అరుగు మీదనే కూర్చుండి వచ్చినవారినందరిని అచ్చటనే ఆపెను.

పెట్టె మార్చినను అందనంత పెద్ద యిండ్లు కలవు. అట్టివారు రిపీటరు కొని, తరంగమందని గదిలోనే తగిలింతురు. అది చీకటి గదిలో అద్దము పెట్టి వెలుగు కోరుట వంటిది. తరంగము ఇంకను బాగుగా అందుచున్న నడిమి చోట దానిని ఉంచవలెను. అప్పుడును చవుక రకములలో వేగము సగమునకు తగ్గును. మా అభిప్రాయమున దానికంటె లాన్ తీగ లాగి, దాని చివర రెండవ వైఫై పెట్టె పెట్టుట మేలు. ఈ తీగ 100 మీటర్ల వరకు పనిచేయును.

పంచాయతీ కార్యాలయము సంగతియు ఇట్టిదే. గ్రామ పంచాయతీలకు ఫైబరు చేర్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2011లో ఆమోదించినది. భారత్‌నెట్ అనునది దానికి తరువాత వచ్చిన పేరు. ఫైబరు భవనము వరకు వచ్చినంతనే గుమాస్తా బల్లకు ఇంటర్నెట్టు అందినట్లు కాదు. దొంగల భయముచే పెట్టెను ఇనుప బీరువాలో పెట్టి తాళము వేసిన కార్యాలయము నొకదానిని మేము చూచితిమి! ఎత్తుగా గోడకు బిగించి, చుట్టు చెక్క పెట్టె కట్టించి, గాలి ఆడుటకు రంధ్రములు వేయించినచో ఆ భయము తీరును. కార్యాలయము, బడి, గ్రంథాలయము ప్రక్కప్రక్కన ఉన్నచో 2.4 గిగాహెర్ట్జులలో ఒకరు 1వ చానెలు, ఒకరు 6వది, ఒకరు 11వది పెట్టుకొనవలెను. అప్పుడు ఒకరి తరంగము మరియొకరికి అడ్డు రాదు.

పెద్ద పథకమునకు సొమ్ము మంజూరు చేయుమని తీర్మానము వచ్చినప్పుడు, పెట్టె ముందర ఎంత, గుమాస్తా బల్ల వద్ద ఎంత వచ్చినదో తేదీతో వ్రాసిన కాగితమును సభ్యులు ముందుగా అడుగవచ్చును.