పెళ్లికి ముందు రాసిన వీలునామా

శక్కర్‌నగర్, బోధన్

అల్లుడా,

నిజామాబాద్‌లో నువ్వు కొన్న ప్లాటు కాగితాలు మీ అమ్మ నా దగ్గర దాచింది. వాటిల్లోనే నువ్వు దుబాయ్ పోయేముందు రాసిన వీలునామా కనిపించింది. ఆస్తంతా తల్లికే అని ఉంది. అప్పటికి నీకు పెళ్లి కాలేదు. ఇప్పుడు భార్య ఉంది, మూడేళ్ల బిడ్డ ఉంది.

పెళ్లయితే పాత వీలునామా దానంతటదే పోతుందనుకోకు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం క్రైస్తవులకు పోతుంది, హిందువులకు పోదు. నీకేమన్నా అయితే ఆ ప్లాటులో నీ భార్యకు గజం జాగా కూడా రాదన్నమాట. ఇది అపశకునం మాట అనకు. బీమా కట్టేటప్పుడు అడ్డురాని శకునం వీలునామా దగ్గరే ఎందుకు వస్తుందో!

చించేస్తే పోలేదా అంటావు. అప్పుడు తల్లికి, భార్యకు, బిడ్డకు సమాన వాటాలు వస్తాయి. మీ నాన్నకు ఏమీ రాదు. మైనరైన బిడ్డ వాటా అమ్మాలంటే నీ భార్య కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. బ్యాంకులో నామినీగా మీ అన్న ఉన్నాడు. నామినీ అంటే డబ్బు తీసుకుని వారసులకు అప్పజెప్పే మనిషే, యజమాని కాడు. అన్న మంచివాడే గానీ ఆ బరువు ఆయన మీద ఎందుకు?

ఒకే సొమ్ము మీద పాత కాగితం, కొత్త కాగితం రెండూ ఉంటే ఏమవుతుందో తెలియాలంటే, మన చక్కెర ఫ్యాక్టరీకి ఎవరి పేరుందో ఆ నిజాం సంగతే చూడు. 1948 సెప్టెంబరులో ఆయన ఖాతా నుంచి పది లక్షల పౌండ్లు లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ పేరు మీదికి మారాయి. వెనక్కి పంపమంటే బ్యాంకు పంపలేదు. 1963లో ఆ సొమ్ము మీద ఇద్దరు మనవళ్ల కోసం ట్రస్టు పత్రం రాశాడు. 1965లో అదే సొమ్ము మీద హక్కును భారత రాష్ట్రపతికి రాసిచ్చాడు. 1967లో కన్నుమూశాడు. లండన్ కోర్టు 2019లో తీర్పు చెప్పేనాటికి ఆ సొమ్ము మూడున్నర కోట్ల పౌండ్లయింది. పాకిస్తాన్ ఓడింది సరే, ఆ రెండు పత్రాలతో వచ్చిన మనవళ్లు, భారత ప్రభుత్వం ముందే తమలో తాము రాజీపడ్డారు కాబట్టి సరిపోయింది. లేకుంటే వాళ్ల మధ్య ఇంకో వ్యాజ్యం నడిచేది. సలహాదారులకు కొదవలేని ఇంట్లోనే ఇట్లయింది.

సెలవుకు వచ్చినప్పుడు కొత్తది రాయి. "ఇంతకుముందు రాసినవన్నీ రద్దు" అనే వాక్యం, తేదీ మరువకు. తెల్లకాగితం చాలు, స్టాంపు పేపరు అక్కర్లేదు. సాక్షులు ఇద్దరుండాలి. వాళ్లు వాటా వచ్చేవాళ్లు కాకూడదు, నీకంటే చిన్నవాళ్లయితే మేలు. రేపు కోర్టులో సంతకం నిజమని చెప్పాల్సింది వాళ్లే. నన్ను మాత్రం పెట్టకు, నీకంటే ముందు పోయేవాణ్ణి. సబ్‌రిజిస్ట్రార్ దగ్గర నమోదు తప్పనిసరి కాదు గానీ చేయించు. ఊళ్లోని తాతలనాటి చెరకు పొలంలో మీ అక్కకూ హక్కుంది కాబట్టి నీ వాటా వరకే రాయి. దుబాయ్‌లో ఉన్న డబ్బుకు అక్కడి పద్ధతి వేరు, దాన్ని అక్కడే కనుక్కో.

ముందు మీ అమ్మతో మాట్లాడు. ఆమె పేరు తీసేస్తున్నావని ఇంకొకరి నోట వినకూడదు. ఆమె బతికున్నన్నాళ్లు ఉండే హక్కు ఏదో, వాటా ఎంతో స్పష్టంగా రాస్తే ఆమే సంతోషిస్తుంది. ఏ తేదీకి వస్తున్నావో చెప్తే, నిజామాబాద్‌లో వకీలు దగ్గరికి నేనూ వస్తా.

నీ మేనమామ