గది దొరకిన పిమ్మట

రైల్వేస్టేషనులలోను వీథులలోను నిద్రించి, పిమ్మట బాలగృహములలో పెరిగిన పిల్లలు 18 ఏండ్లు నిండగానే వానిని విడువవలసివచ్చును. 2015 సంవత్సరపు బాలల న్యాయచట్టము అట్టివారికి 21వ యేడు నిండువఱకు తోడ్పాటును ఉద్దేశించినది. 2022లో వెలువడిన మిషన్ వాత్సల్య నియమములు అందులకు నెలకు 4,000 రూపాయలు సూచించినవి. ఆ సొమ్ముతో ఎట్లో యొక గది దొరకును. దానిని నిలుపుకొనుటయే కష్టము.

ఏలయన, అద్దె దినమును, ఇంటివారితో మాటతీరును మనము తల్లిదండ్రులను చూచి నేర్చితిమి. వీరికి చూపువారెవరు? పని పోయిన నెలలో ఇంటివారికి మొగము చూపజాలక, చెప్పకయే వెడలిపోవుదురు. అడ్వాన్సు సొమ్మును పోవును. "అమ్మగారూ, పది దినములు గడువు దయచేయుడు" అనుట మనకు స్వల్పము, వారికి కొండ. మేము బడిలో వడ్డీలెక్కలు నేర్పుచున్నాము గాని యీ యొక్కమాట నేర్పమైతిమి.

కావున తోడుండువారు మొదటి యేడు వారమున కొకమాఱైనను ఆ గదికి పోవలెను. తనిఖీకి గాదు, కలిసి భుజించుటకు. జీతము వచ్చిననాడే అద్దె వేఱుగా తీసియుంచుట, రసీదు అడిగి పుచ్చుకొనుట దగ్గరనుండి చేయింపవలెను. మఱియొకటి. ఒంటరితనముచే పాత నేస్తములను పిలిచి, వారిని పొమ్మనలేక గదినే పోగొట్టుకొనువారు కలరు. ఆ సంగతి వారితో ముందే మాటలాడవలెను.