విశ్రాంతి కాలమునకు లెక్క

ఉద్యోగము విరమించు నాటికి 20 లక్షల రూపాయలు చేతికి వచ్చినవనుకొందము. వడ్డీ 7 శాతము; సంవత్సరపు ఖర్చు 1,40,000. వడ్డీయే ఖర్చుకు సరిపోవును, అసలు కదలదని తలంతుము.

ఈ అంకెలనే మేము కంప్యూటరులోని లెక్కల పట్టికలో వేసి, ఖర్చు ఏటేటా 6 శాతము పెరుగునని చేర్చితిమి. ఏడాది చివర సొమ్ము తీయుచు పోగా 16 ఏండ్లు గడచినవి. 17వ ఏట చాలలేదు! 60 నిండి విరమించినవారు అప్పటికి 76 దాటుదురు. ధరల గడిని ఖాళీగా విడిచినచో యంత్రము మన భ్రమనే మనకు తిరిగి చెప్పును.

పన్ను సంగతి. డిపాజిట్టుపై వచ్చు వడ్డీయే ఆదాయము. అసలులోనుండి తీసికొన్నది కాదు. వేరు రాబడి లేనివారికి ఇంత వడ్డీపై పన్ను పడదు. పింఛను ఉన్నచో దానిని కూడ కలుపవలెను.

తొలియేటి ఖర్చును 1,20,000కు కుదించి చూడగా, సొమ్ము 19 ఏండ్లు నిలిచినది.