పేపర్లో వచ్చిన జబ్బు, ఇంట్లో ఉన్న జబ్బు



ఈ నెల ఆరోగ్య పాఠం ఏ జబ్బు గురించి రాయాలా అని ఆలోచిస్తూ మగవారి వార్డులో రౌండ్సుకు వెళ్లాను. అక్కడ ఒక పెద్దాయన పేపరు ముక్క ఒకటి మడిచి దిండు కింద దాచుకున్నారు. ఎక్కడో దూరదేశంలో వచ్చిన కొత్త వైరస్ గురించిన వార్త అది. "సిస్టరమ్మా, ఇది మన దిక్కు వస్తదా?" అని రోజూ నన్ను అడుగుతారు. ఆయన ఆసుపత్రిలో చేరింది షుగరు వల్ల కాలికి పడిన పుండుతో. ఆ పుండు ఎట్లా ఉంది, ఎప్పటికి మానుతుంది అని మాత్రం వారం రోజుల్లో ఒక్కసారి కూడా అడగలేదు.

ఆయనను చూసి నవ్వుకునే హక్కు నాకు లేదు. ముప్పై ఏళ్ల క్రితం నేనూ అదే తప్పు చేశాను. నా తప్పుకు వేరేవాళ్లు నష్టపోయారు. అందుకే ఈసారి జబ్బు గురించి కాకుండా, జబ్బుల వార్తలను మనం ఎలా వినాలో రాస్తున్నాను.

1994లో జరిగినది

1994 ఆగస్టు చివరలో మహారాష్ట్రలోని బీడ్ జిల్లా మామ్లా గ్రామంలో ప్లేగు కనిపించింది. అంతకు ముందు ఏడాది సెప్టెంబరులో లాతూరు భూకంపం వచ్చింది. ఆ ప్రాంతంలో జనం ఇళ్లు వదిలి వెళ్లగా లోపల నిలవ ఉన్న ధాన్యం తిని ఎలుకలు పెరిగాయి. ఎలుకల మీద ఉండే మిన్నల్లుల ద్వారా ప్లేగు మనుషులకు వస్తుంది. సెప్టెంబరు మూడో వారంలో గుజరాత్‌లోని సూరత్ నగరంలో మరో రకం ప్లేగు బయటపడింది. ఇది ఊపిరితిత్తులకు పట్టేది, దగ్గు ద్వారా ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది. అంతకు ముందే తాపీ నది వరద వచ్చి వెళ్లింది. వీధుల్లో బురద, చెత్త, చచ్చిన పశువులు మిగిలాయి.

సూరత్ మనకు పరాయి ఊరు కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మెదక్ జిల్లాల నుంచి ఎన్నో పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా అక్కడ సాంచాల మీద బతుకుతున్నాయి.

మొదటి రోజు ఆ ఊళ్లో ఎవరో నీళ్లలో విషం కలిపారని పుకారు. తరువాత ప్లేగు అని తెలిసింది. కొన్ని పత్రికలు చచ్చినవారు వందల్లో ఉన్నారని రాశాయి. పరీక్షలు పూర్తి కాలేదు, ప్రభుత్వం దగ్గర సరైన లెక్క లేదు. ఆ ఖాళీని పుకారు నింపింది. కొద్ది రోజుల్లోనే లక్షలాది మంది రైళ్లు, బస్సులు, లారీలు పట్టుకొని ఊరు విడిచారు. ప్రైవేటు డాక్టర్లలో కూడా చాలామంది ఆసుపత్రులకు తాళం వేసి వెళ్లిపోయారు. దేశమంతటా మందుల దుకాణాల్లో టెట్రాసైక్లిన్ బిళ్లలు అయిపోయాయి. కొన్ని దేశాలు మన విమానాలను ఆపేశాయి.

చివరికి తేలిన లెక్క ఏమిటి? దేశం మొత్తంలో అనుమానిత కేసులు అని రాసినవి 5,000కు పైగా. వాటిలో చాలా భాగం ప్లేగు కాదని తేలింది. చనిపోయినవారు యాభైకి పైగా. ఒక్క ప్రాణమైనా విలువైనదే. అయితే అదే 1994లో మన దేశంలో క్షయ వల్ల రోజుకు వెయ్యి మందికి పైగా చనిపోతూ ఉండేవారు. ఆ సంగతి మొదటి పేజీలో ఎన్నడూ రాలేదు. రోజూ జరిగేది వార్త కాదు గనుక.

గేటు దగ్గర నేను అన్న మాట

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. నర్సింగ్ డిప్లొమా ముగించి ఒక ఆసుపత్రిలో ఉద్యోగానికి చేరి రెండో ఏడు. ఆ రోజుల్లో పొద్దున్నే మా హాస్టలుకు పేపరు వచ్చేసరికి అందరం దాని చుట్టూ చేరేవాళ్లం. నేను కూడా మా ఇంటి కోసం పది టెట్రాసైక్లిన్ బిళ్లలు కొని పెట్టెలో దాచాను. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు సాధారణంగా ఆ మందు ఇవ్వకూడదని చదువుకున్నదాన్నే. మా ఇంట్లో ఉన్నదేమో గర్భిణి అయిన మా వదిన, ఆమె నాలుగేళ్ల కొడుకు. భయం ముందు చదువు నిలవలేదు.

బతుకమ్మ పండుగ దగ్గరపడిన రోజులవి. ఒక ముసలమ్మ ఓపీ గేటు దగ్గరికి వచ్చింది. "సిస్టరమ్మా, నా కొడుకు సూరత్ నుంచి వచ్చిండు. దగ్గు, జ్వరం. ఊళ్లె ఎవ్వలు రానిస్తలేరు. తీస్కరమ్మంటవా?" అని అడిగింది.

సూరత్ అన్న మాట ఒక్కటే నా చెవిన పడింది. నేను రెండడుగులు వెనక్కి వేసి, "ఇక్కడికి తేవద్దమ్మా, జిల్లా ఆసుపత్రికి తీసుకుపోండి" అన్నాను. ఆమె తల ఊపి వెళ్లిపోయింది. డాక్టరుగారిని అడగలేదు. "ఎన్నాళ్ల నుంచి దగ్గు?" అని ఆమెనూ అడగలేదు.

వాళ్లు జిల్లా ఆసుపత్రికి వెళ్లలేదు. బస్సు ఎక్కనివ్వరని భయపడ్డారట. ఊరివాళ్లు అతనిని, అతని భార్యను, మూడేళ్ల బిడ్డను ఊరి బయట బావి దగ్గరి మోటారు కొట్టంలో ఉంచారు. కిటికీ లేని గది. దూరం నుంచే గిన్నెలో అన్నం పెట్టి వెళ్లేవారు. మూడు వారాలు అట్లా గడిచాక, అతను నెత్తురు కక్కుతుంటే బండి మీద వేసుకొని మా దగ్గరికే తెచ్చారు. తెమడ పరీక్ష చేశారు. క్షయ. దగ్గు మొదలై అప్పటికి మూడు నెలలు దాటిందని అప్పుడు తెలిసింది.

ఊపిరితిత్తుల ప్లేగు సోకితే వారం లోపే బయటపడుతుంది, చికిత్స లేకపోతే కొద్ది రోజుల్లోనే ప్రాణం తీస్తుంది. నెలల తరబడి దగ్గుతూ ఉన్న మనిషికి వచ్చినది ప్లేగు కాదు. ఎన్నాళ్ల నుంచి దగ్గు అని నేను ఆ రోజు గేటు దగ్గర అడిగి ఉంటే, నాకు వచ్చిన చదువుతోనే సంగతి తేలేది.

అతను మందులు వాడి బాగుపడ్డాడు. మరుసటి ఏడు ఎండాకాలంలో ఆ బిడ్డను తెచ్చారు. క్షయ మెదడు పొరలకు పాకింది. వలస బతుకులో ఆ పిల్లకు బీసీజీ టీకా కూడా పడలేదు. నెలల చికిత్స తరువాత బతికింది గాని, వినికిడి పోయింది. ఆ జబ్బు సూరత్‌లోని ఇరుకు గదిలో అంటిందో, మోటారు కొట్టంలో అంటిందో ఎవరూ చెప్పలేరు. ఆ మూడు వారాలు మాత్రం మనం వాళ్లకు మిగిల్చగలిగి ఉండేవాళ్లం.

వార్త చేసిన మేలు

ఇది చదివి పేపర్లు, టీవీలు చెడ్డవని అనుకోవద్దు. సూరత్ మురికి దేశమంతటికీ తెలిసినది పత్రికల వల్లనే. ఆ ఒత్తిడి ఊరికే పోలేదు. 1995లో వచ్చిన కమిషనర్ ఎస్.ఆర్. రావుగారు అధికారులను రోజూ వీధుల్లోకి పంపి చెత్త తీయించారు. 1996 నాటికి ఆ నగరం చండీగఢ్ తరువాత దేశంలో రెండవ పరిశుభ్ర నగరంగా పేరు పొందింది.

పల్స్ పోలియో సంగతి మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. 1995 నుంచి రేడియో, టీవీ, పత్రికలు ఫలానా ఆదివారం రెండు చుక్కలు వేయించండి అని చెబుతూనే ఉన్నాయి. మన గుడిలో ప్రకటన చేశారు, మసీదు మైకులో చెప్పారు, ఊళ్లో టముకు వేశారు. 2009లో దేశంలో 741 పోలియో కేసులు ఉండగా, 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లో జబ్బుపడిన ఒక పాపతో ఆ లెక్క ముగిసింది. 2014 మార్చి 27న మన ప్రాంతాన్ని పోలియో లేనిదిగా ప్రకటించారు. అక్కడ వార్త మూడు సంగతులు చెప్పింది: ఏం చేయాలి, ఎక్కడ చేయాలి, ఎప్పుడు చేయాలి. భయం ఒక్కటే చెప్పి వదిలేయలేదు.

డబ్బు తక్కువ ఉన్న దేశంలో డాక్టరు దూరం, పేపరు దగ్గర. ప్రయోగశాల ఫలితం ఆలస్యం, టీవీ వెంటనే. సూరత్‌లో వచ్చినది ప్లేగు క్రిమే అని జన్యు పరీక్షలతో హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు ప్రచురించినది 2000 సంవత్సరంలో. అప్పటికి ఆరేళ్లు గడిచాయి. నిజం నడిచి వస్తుంది, వార్త పరుగెత్తి వస్తుంది. ఆ రెండింటి మధ్య మనం ఎలా మసలుకుంటామన్నదే పాఠం.

1994 మళ్లీ రాదనుకోవద్దు. 2021 వేసవిలో కోవిడ్ రెండో అలలో రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ గురించి టీవీలో రాత్రింబవళ్లు చెప్పారు. ఆసుపత్రిలో ఉన్న రోగులకు దానిని సిఫారసు చేయలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులోనే చెప్పింది. అయినా బంగారం కుదువ పెట్టి బ్లాకులో కొన్న కుటుంబాలు ఉన్నాయి. నా పెట్టెలోని పది టెట్రాసైక్లిన్ బిళ్లలే నాకు గుర్తుకు వచ్చాయి.

వార్త విన్నాక వేసుకోవలసిన ఐదు ప్రశ్నలు

1. ఈ సంగతి ఎవరు చెప్పారు? డాక్టరు, ఆరోగ్య శాఖ అధికారి పేరుతో చెప్పారా, లేక "అంటున్నారు", "తెలిసింది" అని వదిలేశారా? ఫోన్లో వచ్చిన వీడియోకు తేదీ, ఊరు ఉన్నాయా?

2. ఎంతమందిలో ఎంతమంది? అనుమానం ఉన్నవారి లెక్కా, పరీక్షలో తేలినవారి లెక్కా? ఈ రెండూ ఒకటి కావు.

3. ఇది ఎలా అంటుతుంది? దోమ వల్లనా, నీళ్ల వల్లనా, దగ్గు వల్లనా? ఇది తెలిస్తే ఎవరికి, దేనికి దూరంగా ఉండాలో తెలుస్తుంది. ఇది తెలియకపోతే ఊరి పేరు చూసి మనిషిని దూరం పెడతాం.

4. నన్ను ఏం చేయమంటున్నారు? మందు కొనుక్కోమని చెప్పే వార్త అయితే ముందు ఆసుపత్రిలో అడగండి. యాంటీబయోటిక్ ఇంట్లో దాచుకునే సరుకు కాదు.

5. మా ఇంట్లో ఇప్పుడు ఉన్న జబ్బు ఏది? ఇది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. వేసుకోవలసిన బీపీ బిళ్ల వేసుకున్నామా? పిల్లల టీకాలు పూర్తయ్యాయా? ఇంట్లో ఎవరైనా దగ్గుతున్నారా?

దగ్గు గురించి మళ్లీ చెబుతున్నాను

క్షయ ఇప్పటికీ పోలేదు. 2023లో కూడా మన దేశంలో 3 లక్షలకు పైగా ప్రాణాలు తీసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, తెమడలో నెత్తురు, వీటిలో ఏది ఉన్నా తెమడ పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో పరీక్ష ఉచితం, మందులు ఉచితం. మామూలు క్షయకు ఆరు నెలలు మందులు వాడాలి. ఒంట్లో బాగుందని మధ్యలో ఆపకూడదు. వైద్యం జరుగుతున్నన్ని రోజులు పోషకాహారానికి 2024 నవంబరు నుంచి ప్రభుత్వం నెలకు 1,000 రూపాయలు ఇస్తోంది. సరైన మందులు మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గుతుంది. గనుక రోగిని ఊరి బయట పెట్టవలసిన పని లేదు. కిటికీలు తెరవండి, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమనండి. ఆ ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే వారిని కూడా తప్పక తీసుకురండి. జబ్బు లేదని తేలినా, రాకుండా మందు ఇస్తారు.

ఇంట్లో కూర్చొని మాట్లాడుకోండి

ఈ మధ్య మీరు విన్న ఆరోగ్య వార్త ఏది? దాన్ని విని మీరు ఏం చేశారు? ఏదైనా కొన్నారా, ఎవరినైనా దూరం పెట్టారా, ఎవరినైనా అడిగారా?

వార్డులోని పెద్దాయనతో మొన్న సాయంత్రం కూర్చున్నాను. పేపరు ముక్క ఇద్దరం చదివాం. ఆ వైరస్ ఎక్కడ ఉందో, ఎలా అంటుతుందో చెప్పాను. తరువాత కట్టు విప్పి ఆయన పుండు ఆయనకే చూపించాను. "ఇంత ఉన్నదా సిస్టరమ్మా?" అన్నారు. మరునాటి నుంచి కట్టు కట్టే వేళకు తానే కాలు చాపి ఉంచుతున్నారు.

మీరు కూడా విన్న వార్తను మా దగ్గరికి తీసుకురండి. చిన్న ప్రశ్న అని సిగ్గుపడవద్దు. ఏ ఊరి నుంచి వచ్చారని మేము ముందు అడగము. ఎన్నాళ్ల నుంచి బాగులేదని అడుగుతాము.

మీ సేవలో,
నర్సింగ్ సూపరింటెండెంట్